వైఫై డబ్బ ఎవరి గదిలో పెట్టాలె?



పోస్టు పొడుగుంది. తీరిక ఉన్నప్పుడు చదవండి. ఇంట్ల తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు కూడా చదివి వినిపించండి.

మెష్ వైఫై అంటే ఏంది, ఎట్ల పెట్టుకోవాలె, ఎంత ఖర్చయితది అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నరు. గడిచిన ఏడాదిల మేము మూడు చోట్ల ఈ పని చేసినం. ఒకటి జగిత్యాలల మా హాస్టల్. రెండోది కోరుట్లల ఒక దోస్తు ఇల్లు. మూడోది రాజన్న సిరిసిల్ల జిల్లాల వీర్నపల్లి వైపు ఒక తండా. డబ్బలు మూడు చోట్లా దాదాపు ఒకటే తీరు. పంచాయితీలు మాత్రం వేరే వేరే. ఆ పంచాయితీల గురించి కూడా రాస్తున్నం, ఎందుకంటే డబ్బ పెట్టుడు అరగంట పని, అది ఎక్కడ పెట్టాలె అనేదే అసలు పని.

మేమంటే ఒకే రూముల ఉండే నలుగురం. ఇద్దరం లంబాడా, ఒకరు గోండు, ఒకరు నాయక్‌పోడు. అందరికీ ఇరవై అటూ ఇటూ. నలుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకడు రెండు ఎండకాలాలు ఫైబర్ కేబుల్ గుంజే అన్న దగ్గర కూలికి పోయిండు. నిచ్చెన ఎక్కుడు, కేబుల్ క్లిప్పులు కొట్టుడు, డబ్బ సెట్టింగులు అన్నీ వాడు అక్కడ నేర్చుకున్నడు, మాకు వాడు నేర్పిండు. ఇండ్లల్ల మమ్మల్ని ఇంజనీర్లు అనుకుంటరు. డిగ్రీ పోరగాళ్ళమే.

ముందు మెష్ అంటే ఏందో చూద్దాం.

ఇంటికి నెట్టు తెచ్చేది గోడ మీద ఉండే చిన్న డబ్బ. ఫైబర్ కనెక్షనైతే దాన్ని ఓఎన్‌టీ అంటరు. దాని మీద లైట్లుంటయి. లాస్ అని రాసి ఉన్న లైటు ఎర్రగ వెలిగితే ఫైబర్ తెగిందనో వంగిందనో అర్థం, మనం సెట్టింగులు ఎంత పిసికినా లాభం లేదు, కంపెనీకి ఫోన్ చెయ్యాలె. ఆ డబ్బ నుంచి వైఫై చుట్టూ పాకుతది గానీ గోడలు దాటినకొద్దీ సన్నబడతది. వైఫై మామూలుగా రెండు బ్యాండ్లల్ల నడుస్తది. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతది, గోడలు కొంచెం దాటుతది, స్పీడు తక్కువ. 5 గిగాహెర్ట్జ్ స్పీడు ఎక్కువ, రెండు గోడలు దాటేసరికి అలిసిపోతది.

సిగ్నల్ అందని గదికి కొంతమంది రిపీటర్ తెచ్చి పెడతరు. అది చాలాసార్లు వేరే పేరుతోటి ఇంకో వైఫై చేస్తది. హాల్ల నుంచి వంటింట్లకు పోతే ఫోను పాత పేరునే పట్టుకుని వేలాడుతది. మెష్‌ల రెండో మూడో డబ్బలు ఒకదానితోటి ఒకటి మాట్లాడుకుంటయి. ఇల్లంతా ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. మనం నడిచినకొద్దీ ఫోను దగ్గరి డబ్బకు మారుతది. సిరిసిల్లోళ్ళకు చెప్పాలంటే పడుగూ పేకా లెక్క: ఒక పోగు ఇంకో పోగును పట్టుకుంటేనే బట్ట నిలుస్తది. ఇట్ల డబ్బలు ఒకదానికొకటి అందించుకునే పద్ధతికి 802.11ఎస్ అనే ప్రమాణం 2011ల వచ్చింది. ఇప్పుడు అమ్మే డబ్బలల్ల చాలావరకు కంపెనీలు సొంత పద్ధతులు వాడుతయి, అందుకే ఒక కంపెనీ డబ్బ ఇంకో కంపెనీ డబ్బతోటి కలవకపోవచ్చు. కొనేటప్పుడు సెట్టుగానే కొనండి.

ఒక మాట గట్టిగ గుర్తుపెట్టుకోండి. మెష్ నెట్టు స్పీడును పెంచదు. మీ ప్లాను 30 ఎంబీపీఎస్ అయితే పది డబ్బలు పెట్టినా 30 దాటదు. ఆ 30ని ఇంట్ల అందరి దగ్గరికి పంచుతది, అంతే.

మొదటిది, జగిత్యాల.

హాస్టల్ పేరు రాయం. నెట్టు కనెక్షన్ ఆఫీసు రూముల ఉండె. ఆఫీసు, దాని ముందటి వరండా, మెట్ల మొదటి మలుపు, అక్కడిదాకనే సిగ్నల్. రాత్రి తొమ్మిదయితే మెట్ల మీద పోరగాళ్ళు బారుగ కూసునేది. పైమెట్టు మీద కూసున్నోడికి సిగ్నల్ ఉండదు, కింది మెట్టు కోసం కొట్లాట. స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఈపాస్ తెరవాలన్నా మెట్లే, గ్రూప్స్ క్లాసు వీడియో చూడాలన్నా మెట్లే. చలికాలంల దుప్పటి కప్పుకుని చదివినోళ్ళున్నరు.

ఇక్కడ మేము మెష్ సెట్టు కొనలే. పొడుగాటి వరండా, వరుసగ గదులు, అరవై మందికి పైన పిల్లలు. వైర్లెస్ మెష్‌ల ఒక డబ్బ నుంచి ఇంకో డబ్బకు, అక్కడి నుంచి మూడోదానికి పోయేసరికి స్పీడు దాదాపు ప్రతి దుంకుకూ సగమవుతది, ఎందుకంటే మామూలు డబ్బల్ల ఫోన్లతోటి మాట్లాడే రేడియోనే పక్క డబ్బతోటి కూడా మాట్లాడాలె. కేబుల్ వేస్తే ఆ బాధ లేదు. లాన్ కేబుల్ 100 మీటర్ల దాకా మంచిగ పనిచేస్తది. అందుకని మనిషికి 50 రూపాయలు వేసుకుని కేబుల్ కొన్నం. ఇండ్లల్ల మూలకు పడి ఉన్న పాత రౌటర్లు రెండు దొరికినయి. వాటిని యాక్సెస్ పాయింట్ మోడ్‌ల పెట్టి, ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్ ఇచ్చి, ఒకటి కింది వరండా చివర, ఒకటి పై అంతస్తు నడుమ కొట్టినం. ఒకే పేరు పెట్టినప్పుడు రెండింటికీ ఛానెళ్ళు మాత్రం వేరు వేరు ఉండాలె. 2.4ల 1, 6, 11 ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండ ఉంటయి.

పెద్దసారు మొదలు ఒప్పుకోలే. “నెట్టిస్తే మీరు చదువుతరా, రీల్స్ చూస్తరా?” అన్నడు. ఆ మాట తప్పు అని మేము అనం, రెండూ చూస్తం. “సార్, మెట్ల మీద కూసుంటే కూడా రీల్స్ వస్తయి. గదిల కూసుంటే పుస్తకం పక్కకుంటది” అని మాలో ఒకడన్నడు. సారు నవ్విండు. రాత్రి 11 గంటలకు బందయ్యేటట్టు టైమర్ పెట్టుమన్నడు, పెట్టినం.

రెండోది, కోరుట్ల.

జగిత్యాల నుంచి 63వ నంబరు జాతీయ రహదారి మీద పోతే కోరుట్ల. అటు ఇటు ఊర్లల్ల గల్ఫ్ పైసలతోటి కట్టిన ఇండ్లు మీకు తెలుసు. ముందు వెడల్పు తక్కువ, లోపలికి పొడుగు, మీద ఇంకో అంతస్తు, మొత్తం ఆర్‌సీసీ. మా దోస్తు వాళ్ళ నాయిన దుబాయ్‌ల ఉంటడు. అక్కడ వాట్సాప్ కాల్ నడవదు, అందుకే బోటిమ్‌ల మాట్లాడతరు. నాయినకు డ్యూటీ అయిపోయి గదికి వచ్చేసరికి ఇక్కడ రాత్రి పది దాటుతది. అమ్మ వెనక గదిల పడుకుంటది. అక్కడ వైఫై లేదు, మొబైల్ డాటా ఆ టైముకు ఒడిసిపోయి ఉంటది. రోజూ ముందటి హాల్లకు వచ్చి నిలబడి మాట్లాడేది. హాల్ల అత్త, మామ, టీవీ. మొగడితోటి మనసుల మాట ఒక్కటి మాట్లాడుకోవాలంటే చోటు లేదు.

ఈ సంగతి అమ్మ మాకు చెప్పలే. దోస్తు చెల్లె చెప్పింది.

ఆ ఇంటికి రెండు డబ్బల మెష్ సెట్టు తెచ్చినం, అయిదు వేల చిల్లర పడ్డది. ఎట్ల పెట్టినమో వరుసగ రాస్తున్నం, మీరూ ఇట్లనే చెయ్యొచ్చు.

ఒకటి. ముందు ఇల్లంతా ఫోన్ పట్టుకుని తిరిగినం. వైఫై సిగ్నల్ కొలిచే యాప్‌లు ఉచితంగనే దొరుకుతయి. అంకె మైనస్‌ల చూపిస్తది. మైనస్ 65 దాకా ఉంటే మంచిది, మైనస్ 80 అయితే ఉన్నా లేనట్టే. ఏ గదిల ఎంతుందో కాగితం మీద రాసుకున్నం.

రెండు. రెండో డబ్బను సిగ్నల్ లేని గదిల పెట్టొద్దు. దానికే సిగ్నల్ అందకపోతే అది ఇంకొకరికి ఏమిస్తది? మొదటి డబ్బకూ సిగ్నల్ లేని గదికీ నడుమ, సిగ్నల్ ఇంకా మంచిగున్న చోట పెట్టాలె. ఆ ఇంట్ల అది మెట్ల దగ్గరి గూడు. అక్కడి నుంచి వెనక గదికీ, పై అంతస్తుకూ రెండిటికీ అందింది.

మూడు. బీరువా పక్కన, ఫ్రిజ్ వెనక, నీళ్ళ డ్రమ్ము దగ్గర, పెద్ద అద్దం ఎనుక పెట్టొద్దు. ఇనుము, నీళ్ళు సిగ్నల్‌ను తింటయి. నేల మీద పెట్టొద్దు, మనిషి ఛాతి ఎత్తుల పెట్టండి.

నాలుగు. కంపెనీ ఇచ్చిన డబ్బ కూడా రౌటరే అయితే, మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌ల పెట్టండి. రెండు రౌటర్లు ఒకదాని ఎనుక ఒకటి పనిచేస్తే కొన్ని కాల్స్, గేములు తిప్పలు పెడతయి. కంపెనీ డబ్బల వైఫైని బంద్ చెయ్యండి, లేకుంటే ఫోన్లు పాత పేరునే పట్టుకుంటయి.

ఐదు. డబ్బ కింద రాసి ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ రోజే మార్చండి. వైఫై పాస్‌వర్డ్‌కు సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ ఉండాలె. చుట్టాలొస్తే గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. యాప్‌ల అప్‌డేట్ అడిగితే వాయిదా వెయ్యొద్దు.

ఆరు. కరెంటు పోతే ప్రతి డబ్బా పోతది. ఇన్వర్టర్ లేనోళ్ళు 12 వోల్టుల మినీ యూపీఎస్ ఓఎన్‌టీకి, మొదటి డబ్బకు పెట్టుకుంటే గంటల కొద్దీ నడుస్తది. కొనే ముందు అడాప్టర్ మీద వోల్టులు, ఆంప్‌లు చూసుకోండి.

ఆ రాత్రి పదిన్నరకు వెనక గదిల ఫోన్ మోగింది. తలుపు దగ్గరికేసుకుని అమ్మ మాట్లాడింది. మేము ముందటి హాల్ల అన్నం తింటున్నం. ఏం మాట్లాడిందో మాకు తెల్వదు, తెలువొద్దనే కదా ఇదంతా.

మూడోది, తండా.

జగిత్యాల నుంచి వేములవాడ మీదుగ సిరిసిల్ల, అక్కడి నుంచి ఇంకో బస్సు, చివరికి ఆటో. మా రూముల ఒకడిది ఆ తండా. ఇంటికి ఫైబర్ లేదు. ఊర్లకు ఫైబర్ తెచ్చే పథకాలు చాలా కాలం సంది నడుస్తున్నయి. కేంద్రం 2011ల మొదలుపెట్టిన పథకానికే తర్వాత భారత్‌నెట్ అని పేరు పెట్టిన్రు. మన రాష్ట్రంల మిషన్ భగీరథ పైపులతోటి పాటు టీ-ఫైబర్ కేబుల్ వేసుకుంట వచ్చిన్రు. 2024 డిసెంబర్‌ల కొన్ని ఊర్లల్ల ప్రయోగంగ ఇండ్లకు కనెక్షన్లు మొదలైనయి, మన పక్క పెద్దపల్లి జిల్లాల అడవి శ్రీరాంపూర్ అందుల ఒకటి. పంచాయతీ ఆఫీసు దాకా వచ్చిన తీగ తండా చివరి ఇంటి దాకా రావాలంటే ఇంకా దూరముంది.

తండాల ఫోన్ సిగ్నల్ నీళ్ళ ట్యాంకు దగ్గరనే. మా దోస్తు చెల్లె ఇంటర్ పాసయ్యింది. డిగ్రీ సీటుకు దోస్త్‌ల వెబ్ ఆప్షన్లు పెట్టాలె. 2016 నుంచి డిగ్రీ అడ్మిషన్లు చాలావరకు ఆన్‌లైన్లనే కదా. ఏ కాలేజీ ముందు పెడితే సీటు ఎక్కడొస్తదో దాని మీదనే ఆధారం. ఆ పిల్ల పొద్దుగూకినంక ట్యాంకు దగ్గరికి పోతే కాకా ఊకోడు. పగలు పోతే అక్కడ మగపిల్లల గుంపు. సిరిసిల్ల నెట్ సెంటర్‌కు పోతే ఒక రోజు కూలి, రాను పోను కిరాయి, అక్కడ కూసున్న మనిషి తనకు తోచిన ఆప్షన్లు కొట్టి పంపిస్తడు. మాకు తెలిసిన ఇద్దరు పిల్లలకు ఇట్లనే ఇంటికి వంద కిలోమీటర్ల అవతల సీట్లొచ్చినయి. ఇద్దరూ ఆడపిల్లలే. ఇద్దరూ పోలే.

ఒకే వాకిట్ల రెండిండ్లు. ముందటిది కాకాది, స్లాబు ఇల్లు. ఎనుకది మా దోస్తువాళ్ళది, మట్టిగోడల పెంకుటిల్లు. మధ్యల 12 మీటర్లుంటది. కాకా ఇంటి మీద ఇనుప పైపుకు యాంటెన్నా కట్టి, 4జీ సిమ్ రౌటర్ పెట్టినం. యాంటెన్నాను ట్యాంకు వైపు తిప్పి, కొంచెం కొంచెం జరుపుకుంట, కింద ఒకడు స్పీడు చూసి అరుసుకుంట గంటసేపు పట్టింది. ఫోన్‌ల ఒక్క గీత రాని చోట రౌటర్ల మూడు గీతలు వచ్చినయి. ఎత్తు మీద యాంటెన్నా చేసే పని అది. దాని నుంచి మెష్ మొదటి డబ్బ కాకా హాల్ల.

రెండో డబ్బ ఎక్కడ పెట్టాలె అనే దగ్గర పంచాయితీ షురువైంది. మట్టిగోడ రెండు జానల మందం. వానకు తడిస్తే ఇంకా సిగ్నల్ పోనియ్యది. అందుకే కిటికీకి కిటికీ ఎదురుగ పెట్టాలనుకున్నం. రెండిండ్ల నడుమ లాన్ కేబుల్ గాల్లో గుంజుదామని ఒకరన్నరు. వద్దన్నం. వానాకాలం ఆ రాగి తీగ మీదికి పిడుగు ఝలక్ వస్తే రెండిండ్ల డబ్బలూ కాలిపోతయి. వైర్లెస్‌గనే ఇవ్వాలె, లేకుంటే ఫైబర్ తీగ వెయ్యాలె.

కాకా అన్నడు: “ఎనుక ఇంట్ల అరుగు మీద పెట్టున్రి. మగోళ్ళం కూసుంటం, చూసుకుంటం.”

అరుగుకు ఎదురుగ కిటికీ లేదు. ఉన్న ఒక్క కిటికీ వంటింటి పక్క గదిల. అది యాడి, చెల్లె పడుకునే గది. సిగ్నల్ లెక్కన కూడా అదే సరైన చోటు. మేము ఫోన్ పెట్టి చూపించినం: ఇక్కడ మైనస్ 62, అరుగు మీద మైనస్ 83.

“ఆడపిల్ల గదిల నెట్టెందుకురా? ఎవనితోటి మాట్లాడతదో ఎవడు చూడాలె?”

ఎవరమూ మాట్లాడలే. పొయ్యి కాడ ఉన్న యాడి లేచి వచ్చింది. మా భాషల అన్న మాటను తెలుగుల రాస్తున్నం: “ఆమె ట్యాంకు కాడికి పోతే ఊరంతా చూసింది. ఇంట్ల ఉంటే నేను చూస్తా. పెట్టున్రి బిడ్డా.”

పెట్టినం.

ఆ రాత్రి చెల్లె తన ఫోన్ల తానే ఆప్షన్లు పెట్టుకుంది. ఒక్కో కాలేజీకి హాస్టల్ ఉందా, బస్సు ఉందా, ఏ గ్రూపులున్నయి అని మమ్మల్ని అడుక్కుంట, తన నోట్‌బుక్కుల వరుస రాసుకుని, రెండుసార్లు సరిచూసి సేవ్ చేసింది. ఓటీపీ ఎవరికీ చెప్పలే, మాకు కూడా. తర్వాత మమ్మల్ని అడిగింది: “అన్నా, ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ నాకు నేర్పుతరా?” నేర్పినం. ఇప్పుడు రెండిండ్లల్ల ఎవరి ఫోన్ కలవకపోయినా చెల్లెనే పిలుస్తరు, కాకా కూడా.

అయితే కథ అయిపోలే. కాకా రాత్రి తొమ్మిదికి హాల్ల స్విచ్చు బంద్ చేస్తడు. కరెంటు బిల్లు అంటడు. మొదటి డబ్బ బందయితే ఎనుకది వెలిగే ఉంటది గానీ నెట్టుండదు. ఆ డబ్బలు రెండూ కలిసి నెలంతా నడిచినా కరెంటు చాలా తక్కువ, ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు లెక్క. అది లెక్క కట్టి చెప్పొచ్చు. చెప్పినా వినకపోతే సిమ్ రౌటర్‌నే ఎనుక ఇంటికి మార్చి, యాంటెన్నా తీగ అటు దింపొచ్చు. కానీ రీచార్జి పైసలు కాకా ఇస్తున్నడు. అందుకే నెలకు సగం యాడి ఇచ్చేటట్టు మాట అనుకున్నం. తీజ్‌కు అందరం తండాల ఉంటం, అప్పుడు కూసుని తేల్చాలె.

మెష్ పెట్టుకునుడు పట్నపోళ్ళ షోకు అనుకునేటోళ్ళకు రెండు ముచ్చట్లు. మన తెలుగు పల్లెల్లోనే పశ్చిమ గోదావరిల బైర్రాజు ఫౌండేషన్ వాళ్ళు అశ్విని అనే పేరుతోటి, వైఫైనే దూరం పోయేటట్టు టవర్ల మీద పెట్టి ఊర్లకు పాఠాలు, వైద్యం పంపిన్రు. ఇరవై ఏండ్ల కిందటి ముచ్చట అది. స్పెయిన్ దేశంల కాటలోనియాల 2004ల గుయ్‌ఫై.నెట్ అని మొదలైంది, పల్లెటూరోళ్ళు కంపెనీలు రావని ఎదురుచూసుడు మానేసి ఇంటింటికీ యాంటెన్నాలు పెట్టుకుని సొంత నెట్‌వర్క్ కట్టుకున్నరు. మన దగ్గర మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: ఇంటి కనెక్షన్‌ను పక్క ఇండ్లకు పైసలకు అమ్మొద్దు, అది నిబంధనలకు విరుద్ధం. తండా అంతటికీ ఇవ్వాలనుంటే 2020 డిసెంబర్‌ల కేంద్రం ఒప్పుకున్న పీఎం-వాణి పద్ధతుంది. కిరాణా కొట్టాయన కూడా వైఫై సెంటర్ పెట్టుకోవచ్చు, లైసెన్సు అక్కరలేదు.

నెట్టు వచ్చిన ఇంట్లకు మోసాలు కూడా వస్తయి. లోన్ యాప్‌లు, కేవైసీ కాల్స్, పార్ట్ టైం జాబ్ లింకులు. డబ్బ పెట్టిన రోజే ఇంట్లోళ్ళను కూసోబెట్టి 1930 నంబరు గోడ మీద రాయండి. పైసలు పోయినయని తెలిసిన వెంటనే ఆ నంబరుకు ఫోన్ చెయ్యాలె, ఎంత తొందరగ చేస్తే అంత మంచిది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతల మన రాష్ట్రం లెక్క ఇట్లుంది: ఎప్పుడో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్ళు సగానికి పైన, ఆడవాళ్ళు నాలుగోవంతు కంటే కొద్దిగనే ఎక్కువ. ఈ తేడా టవర్ల వల్ల మాత్రమే రాలే. ఒకే ఇంట్ల, ఒకే కనెక్షన్ ఉన్నకాడ కూడా హాల్ల ఉన్నోడికి నెట్టుంటది, వంటింట్ల ఉన్నామెకు ఉండదు.

అందుకే మీ ఇంట్ల కొత్తగ వైఫై పెట్టించేటప్పుడు కంపెనీ మనిషి “ఎక్కడ కొట్టాలె?” అని అడుగుతడు. ఊకె “ఇక్కడనే, తలుపు పక్కన” అనకండి. ఒక్క నిమిషం ఆగి, ఇంట్ల ఎక్కువ చదివేది ఎవరు, వాళ్ళు ఎక్కడ కూసుంటరు అని చూడండి. ఒక్కటే డబ్బ కొనే స్తోమత ఉంటే దాన్ని వాళ్ళ గది దగ్గర పెట్టండి. టీవీ చూసేటోళ్ళు అటు జరిగి కూసుంటరు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఎవరికన్న ఇంట్ల మెష్ పెట్టుకోవాలనుంటే చెప్పండి. ఆదివారం ఖాళీగుంటే వస్తం. కూలి వద్దు. బస్సు కిరాయి, పూట అన్నం చాలు. ఒక్క షరతు: డబ్బ పెట్టేటప్పుడు ఇంట్ల ఆడపిల్ల మా పక్కన నిలబడి అన్నీ నేర్చుకోవాలె, పాస్‌వర్డ్ ఆమె పెట్టాలె.